నీలంలో ఉన్న బండి

ఆమెను చూసినవాళ్ళు తక్కువ, విన్నవాళ్ళు ఎక్కువ. ఊళ్ళో తిరిగే అంబులెన్సు డ్రైవర్లందరికీ ఆమె గొంతు తెలుసు. ఏ బండి ఎటు వెళ్ళాలో, ఏ సందులో తిరగాలో, ఏ ఇంటి ముందు ఆగాలో ఆ గొంతే చెప్పేది. ముఖం మాత్రం వాళ్ళెవరూ ఎరగరు. మైకులో పలికే అక్క గనక మైకక్క అని పేరు పెట్టుకున్నారు. ఆ పేరు మెల్లగా ఆమె పనిచేసే గదిలోకి వచ్చింది, అక్కడినుంచి ఇంటికీ వచ్చింది. అత్తగారికి కోపం వస్తే, "ఏమ్మా మైకక్కా, ఊరందరితో మాట్లాడతావు, మాతో మాట్లాడవేం? ఇక్కడ జీతమివ్వరనా?" అని దెప్పేది.

అత్తగారి మాటలో అబద్ధమేమీ లేదు. ఇంటికొచ్చేసరికి ఆమె దగ్గర మాట మిగిలేది కాదు. భర్త దర్జీ. ముందు గదిలో కిటికీ పక్కన ఆయన కుట్టుమిషను ఉండేది. గుమ్మంలో ఆమె చెప్పులు విడిచే అలికిడి వినగానే ఆయన మిషను ఆపేసి, గుండీలు కుట్టే పనేదో చేతిలోకి తీసుకునేవాడు. ఆమె చెవులకు కాస్త విశ్రాంతిగా ఉంటుందని. ఆ సంగతి ఆయన చెప్పలేదు, ఆమె అడగలేదు. సంసారంలో దేవుడు పెట్టే మంచి చాలావరకు ఇలా చప్పుడు లేకుండానే ఉంటుంది.

ఆమె పనిచేసే గది ఒక పాత భవనం మేడమీద. కింద బండ్లకు మరమ్మతులు చేసే షెడ్డు. మేడమీద రెండు వరసల బల్లలు. కిటికీ వైపు వరస ఫోనులెత్తేవాళ్ళది, గోడ వైపు వరస బండ్లు పంపేవాళ్ళది. పొద్దున్నే ఊడ్చే ఆయమ్మ ప్రతి సీటు ముందూ మంచినీళ్ళ గ్లాసు మూతపెట్టి ఉంచి, హెడ్‌ఫోనులన్నీ తడిగుడ్డతో తుడిచి పెట్టేది. అది ఆవిడ చెయ్యాల్సిన పని కాదు. ఎవరైనా వద్దంటే, "ఏడుపులు విని విని మీకు గొంతులెండిపోతాయి. నేను వినక్కర్లేదు కదా, ఈ మాత్రం చెయ్యనీయండమ్మా" అనేది.

మైకక్క మొదట కిటికీ వరసలో చేరింది. అక్కడ నేర్పే మొదటి పాఠం, ఏమైందని అడగకూడదు, ఎక్కడని అడగాలి. మధ్యలో లైను తెగిపోయినా, చోటు తెలిస్తే బండి వెళ్తుంది. కాని కంగారులో ఉన్న మనిషికి అన్నీ గుర్తుంటాయి, చోటొక్కటే నోటికి రాదు.

"అమ్మా, మా నాన్న పడిపోయాడు!"

"ఎక్కడ నాయనా?"

"మెట్లమీద!"

"ఏ వీధిలో మెట్లు నాయనా?"

"మా ఇంటి మెట్లేనమ్మా, ఇంకెవరి మెట్ల మీద పడతాడు!"

కొందరు తిట్టేవారు. ఎక్కడెక్కడని విసిగిస్తావేం, ముందు బండి పంపు అని అరిచేవారు. ఆమెకు కోపం వచ్చేది కాదు. ఇంట్లో మనిషి నేలమీద పడి ఉంటే ఎవరి నోరు మాత్రం తిన్నగా ఉంటుంది? "పంపుతానయ్యా, నువ్వు వీధి పేరు చెప్పు, నేను ఈలోగా బండిని కదిలిస్తాను" అనేది నిదానంగా. దేవుడు ఆమెకు అంత పెద్ద చదువు ఇవ్వలేదు గాని ఆ నిదానం ఇచ్చాడు. పొద్దున హెడ్‌ఫోను పెట్టుకునే ముందు బల్ల అంచును వేళ్ళతో తాకి కళ్ళు మూసుకునేది. "స్వామీ, ఈ పూట నావల్ల ఎవరికీ ఆలస్యం కానీయకు." ఇంతకు మించి ఏమీ కోరేది కాదు.

ఆ ఉద్యోగంలో ఒక కష్టం బయటివాళ్ళకు తెలియదు. బండి ఇంటి ముందు ఆగగానే ఫోను పెట్టేస్తారు. ఆ తర్వాత ఆ నాన్న బతికాడా, ఆ పసిబిడ్డ కళ్ళు తెరిచిందా, ఫోనెత్తినవాళ్ళకు ఎవరూ చెప్పరు. చెప్పాలని ఎవరికీ తోచదు కూడా. రోజంతా ఎన్నో కథలు సగం విని లేచి రావడమే. కొన్నాళ్ళకు అలవాటవుతుందన్నారు. ఆమెకు కాలేదు. అన్నం కలుపుకుంటూ కలుపుకుంటూ ఆగిపోయేది. "ఎవరమ్మా ఈసారి?" అనేది అత్తగారు. "ఎవరో అత్తయ్యా, ఏమైందో తెలీదు" అనేది. "తెలీనివాళ్ళ కోసం తెలిసినవాళ్ళింట్లో అన్నం చల్లారబెట్టకు" అంటూనే ఆ ముసలామె లేచి కూర వేడిచేసి తెచ్చేది.

కొన్నేళ్ళకు ఆమెను గోడ వరసలోకి మార్చారు. అక్కడ ఎదురుగా పెద్ద తెర, తెరమీద ఊరంతా గీతలు. గీతల మీద చిన్న చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో బండి. ఖాళీగా ఉన్న బండి ఆకుపచ్చ. మనిషిని ఎక్కించుకున్న బండి ఎరుపు. ఆస్పత్రిలో దించేశాక లోపల నెత్తురు, వాంతి కడుక్కుంటున్న బండి నీలం. నీలంలో ఉన్న బండిని ఎవరి దగ్గరికీ పంపకూడదు. కడగడం అయ్యాక డ్రైవరే మీట నొక్కి ఆకుపచ్చ చేసుకుంటాడు. కడగడానికి ఎంతసేపు పడుతుందని ఎవరూ అడగరు. ఒకసారి చీపురు తిప్పితే సరిపోతుంది, ఒకసారి పరుపే మార్చాలి.

ఈ నీలంలో ఒక రహస్యం ఉంది. రహస్యమని పేరేగాని గదిలో అందరికీ తెలుసు. బండిలో తిరిగేవాళ్ళకు భోజనం వేళ అంటూ ఒకటి రాసి ఉంది. ఆ వేళకు ఫోను రాకుండా ఉండాలిగా! చెయ్యి కడుక్కోగానే ఎవరికో ఊపిరాడదు, ముద్ద ఎత్తగానే ఎవరో మోటారు సైకిలు మీంచి పడతారు. అందుకని బండి కడగడం అయిపోయినా మీట నొక్కకుండా నీలంలోనే ఉంచి, ఎక్కడో ఒకచోట ఆపుకుని గబగబా నాలుగు ముద్దలు తినేవారు. గోడ వరసవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకునేవారు. రేడియోలో ఆ మాట ఎవరూ ఎత్తరు, రేడియోలో మాటలన్నీ రికార్డవుతాయి గనక. మరీ ప్రాణం మీదికొచ్చిన ఫోనయితే, గోడ వరసవాళ్ళు తమ సొంత ఫోను తీసి డ్రైవరు సొంత ఫోనుకు చేసేవారు. "లెండి" అంటే చాలు, వాళ్ళు ఎంగిలి చేత్తోనే పరుగెత్తేవారు. ఈ పద్ధతి ఆమెకు నేర్పింది గదికి పైఅధికారి. ఒకప్పుడు ఆయనా ఆ సీటులో కూర్చున్నవాడే. పెద్దాయన అంటారు అందరూ. "ఖాళీ కడుపుతో నడిపేవాడి చేతిలో మన రోగిని ఎలా పెడతామమ్మా" అన్నాడు ఆరోజు. ఆ మాటకు ఆమె మనసులోనే ఆయనకు దణ్ణం పెట్టుకుంది.

డ్రైవర్లలో ఏడో బండి నడిపే మనిషి వేరు. ఆమెకు సగం కథలు తప్ప దక్కవని ఎలా కనిపెట్టాడో గాని, మిగతా సగం అతనే తెచ్చి ఇచ్చేవాడు.

"మైకక్కా, ఏడో బండి. తాతను దించేశాం. దారిపొడుగునా నా డ్రైవింగు బాగాలేదని తిడుతూనే ఉన్నాడు."

"తిట్టే ఓపిక ఉంటే బతికేస్తాడులే తమ్ముడూ."

"ఆయన బతుకుతాడక్కా. నేనే, పరువు పోయి చచ్చాను."

ఇంకోసారి, "అక్కా, పొద్దుటి బిడ్డ ఏడ్చింది" అని మాత్రం చెప్పాడు. ఆ ఒక్క మాటకు ఆమె ఆ సాయంత్రం మిషను దగ్గర కూర్చుని భర్తతో కబుర్లు చెప్పింది. అత్తగారు వంటింట్లోంచి, "ఇవాళ మైకు పనిచేస్తోందే!" అంది.

దించినవాళ్ళ సంగతి చెప్పమని అతనికి ఎవరూ చెప్పలేదు. మంచితనంతో చెప్పేవాడు. బదులుగా ఆమె చెయ్యగలిగింది ఒక్కటే. ఏడో బండి నీలంలో ఉంటే, అతన్ని ప్రశాంతంగా తిననిచ్చేది.

ఆరోజు తెల్లవారుతూనే ఊరి బయట బస్సు బోల్తా పడింది. బండ్లన్నీ అటే పరుగులు. ఏడో బండివాళ్ళు దెబ్బలు తగిలినవాళ్ళను మోసి మోసి, ఒకసారి టిఫిను ముందు కూర్చున్నారు. ఆమే ఫోను చేసి లేపింది. "లెండి తమ్ముడూ, తప్పదు" అంది. "లేచాంలే అక్కా" అన్నాడు, నోట్లో ముద్దతోనే. మళ్ళీ మధ్యాహ్నం దాటాక ఆ చుక్క నీలంగా మారింది. కాసేపటికి ఆస్పత్రి ఆవరణలోంచి కదిలి, ఒక వీధి చివర ఆగింది. అక్కడ భోజనాల హోటలు ఉందని ఆమెకు తెలుసు.

అప్పుడు కిటికీ వరసనుంచి తెరమీదికి మాట వచ్చింది. ఒక ఆడమనిషి, గుండెలో నొప్పి, ఒళ్ళంతా చెమటలు. ఫోను చేసింది భర్త. కిరాణా దుకాణం. వీధి అదే. ఏడో బండి ఆగి ఉన్న వీధే.

ఆమె చెయ్యి సొంత ఫోను మీదికి వెళ్ళింది. వెళ్ళి ఆగింది. పొద్దున ఒకసారి లేపాను, ఇప్పుడే కూర్చుని ఉంటారు, ఇంకా విస్తరి ముందుకు రాలేదేమో అనుకుంది. అదే క్షణాన వంతెన అవతల పదకొండో బండి ఆకుపచ్చ అయింది. వంతెన ఎంతసేపు, ఇట్టే దాటేస్తారు. పదకొండో బండినే పంపింది. నియమం కూడా అదే చెబుతోంది కదా, నీలాన్ని ముట్టుకోవద్దని.

పదకొండో బండి చుక్క వంతెన మీదికి ఎక్కింది. ఎక్కి అక్కడే నిలబడిపోయింది. బోల్తా పడిన బస్సును లాక్కొస్తున్న క్రేను వంతెన మీద అడ్డం తిరిగింది. ఆమె గబుక్కున ఏడో బండి డ్రైవరుకు ఫోను చేసింది. మోగింది. మళ్ళీ చేసింది. మోగుతూనే ఉంది. హోటల్లో కూర్చున్న కాసేపటికి ఫోనును ఛార్జింగుకని బండిలో పెట్టి వచ్చాడని, ఆమె మొదటే చేసి ఉంటే అందేదని తర్వాత తెలిసింది. రేడియోలో పిలిచింది. ఖాళీ బండిలో ఆమె గొంతు ఒక్కటే ఎవరికీ వినబడకుండా పలికి ఉంటుంది.

పదకొండో బండి చేరేసరికి ఆ ఇల్లాలు పోయింది.

దుకాణం మేడమీది ఇంట్లోంచి ఆమెను కిందికి దించుతున్నప్పుడు దుకాణదారు వీధి చివర చూశాడట. అక్కడ ఒక అంబులెన్సు. హోటల్లోంచి ఇద్దరు యూనిఫారంవాళ్ళు మూతులు తుడుచుకుంటూ బయటికి వస్తున్నారు.

ఆయన ఫిర్యాదు చేశాడు. ఆ సంగతి మైకక్కకు పెద్దాయనే చెప్పాడు. తన గదిలోకి పిలిచి, కుర్చీ చూపించి, టీ తెప్పించి మరీ చెప్పాడు.

"భయపడకమ్మా. ఆయన మాటకు బలం లేదు. ఆ ఇల్లాలి అన్నగారు కూడా వచ్చాడు. నొప్పి పొద్దుటినుంచే ఉండి ఉంటుంది, బేరం వదులుకోలేక ఫోను ఆలస్యంగా చేశాడు, ఇప్పుడా తప్పు బండి మీదికి నెడుతున్నాడు మా బావ అంటున్నాడు. సొంత బావమరిదే నమ్మకపోతే ఇంకెవరు నమ్ముతారు? మనకు పని తేలికయింది."

"ఏం తేలికండీ?"

"బండి వీధిలో ఉంది, కాని కడుగుతున్నారు. నీలంలో ఉంది. నువ్వు ఆకుపచ్చ బండి పంపావు. అంతా రూలే."

"కడగట్లేదు కదండీ."

"నువ్వు చూశావా?"

"మీకు తెలియదా అండీ?"

పెద్దాయన టీ గ్లాసును బల్లమీద కొంచెం ఇటు జరిపాడు, కొంచెం అటు జరిపాడు. "నాకు తెలిసిందంతా చెబితే, రేపటినుంచి ఈ ఊళ్ళో ఒక్క డ్రైవరు కూడా అన్నం తినడు. ఆలోచించుకో" అన్నాడు. చెడ్డవాడు కాడు. గొంతులో నిజంగానే బాధ ఉంది.

ఆ సాయంత్రం ఆమె ఇంట్లో అంతా చెప్పింది. భర్త సూదిలో దారం ఎక్కిస్తూ విన్నాడు. అత్తగారు మాత్రం ఊరుకోలేదు.

"పోయినావిడ ఎలాగూ రాదు. ఉన్నవాళ్ళ నోటిదగ్గర ముద్ద ఎందుకు లాగేస్తావే తల్లీ?"

"ఆయన భార్యను ఆయనే చంపుకున్నాడంటున్నారు అత్తయ్యా."

"అంటే అననీ. నాలుగు రోజులంటారు, ఊరుకుంటారు."

"వాళ్ళు ఊరుకుంటారు. ఆయన ఊరుకోగలడా?"

అత్తగారు కూర వేడిచెయ్యడానికి లేచింది. గిన్నెతో తిరిగొచ్చి, "నేనైతే చెప్పను. నాకంత ధైర్యం లేదు" అంది. ఆవిడ ఒప్పుకోలు అంతవరకే.

భర్త దారం కొరికి, "నేనేం చెప్పను? ఆ సీటులో కూర్చునేది నువ్వు. చెప్పకుండా రేపు మైకు ముందు కూర్చోగలవేమో చూసుకో" అన్నాడు.

విచారణకు ముందురోజు ఏడో బండి డ్రైవరు ఫోను చేశాడు. ఆ సంఘటన తర్వాత రేడియోలో అతను బండి నంబరు తప్ప మరో మాట మాట్లాడలేదు. దించినవాళ్ళు ఏమయ్యారో చెప్పడం మానేశాడు.

"అక్కా, రేపు నేను కడుగుతున్నామనే చెబుతాను. ముందే చెబితే మంచిదని చేశాను."

"నువ్వు తింటున్నావు కదా తమ్ముడూ."

"నువ్వు తిననిచ్చావు కదక్కా."

అతనే ఫోను పెట్టేశాడు.

విచారణ ఆఫీసు పాత రికార్డులు దాచే హాల్లో జరిగింది. పొడుగాటి బల్లకు ఒక చివర విచారణాధికారిణి. ఒక పక్క పెద్దాయన, ఇంకో పక్క ఏడో బండిలో రోగిని చూసుకుంటూ వెళ్ళే టెక్నీషియను, అతని పక్కన ఒక మనిషి. ఆ మనిషి "నమస్తే మేడం" అనేదాకా అతనే డ్రైవరని ఆమెకు తెలియలేదు. జుట్టు సగానికి పైగా నెరిసింది. మెడకింద చర్మం వేలాడుతోంది. ఇన్నేళ్ళూ తమ్ముడూ తమ్ముడూ అని పిలిచిన మనిషి తనకంటే చాలా పెద్దవాడు. ఆ పిలుపును అతను ఏనాడూ దిద్దలేదు. ఆమెకు అప్పుడు అతన్ని చూసి ఏడుపొచ్చింది.

దుకాణదారు గోడ పక్క స్టూలు మీద ఒంటరిగా కూర్చున్నాడు. ఆయన బావమరిది రెండు కుర్చీల అవతల కూర్చున్నాడు, ఇటు తిరగకుండా.

అధికారిణి అడిగినప్పుడు మైకక్క లేచి నిలబడి చెప్పింది. బండి శుభ్రంగానే ఉందని, వాళ్ళు భోజనం చేస్తున్నారని, ఆ సంగతి తెలిసే లేపలేదని, లేపి ఉంటే ఆ వీధి చివరినుంచి దుకాణానికి అడుగులు వేసుకుంటూ వెళ్ళినా సరిపోయేదని, తనే లేపలేదని. ఏ ఫోనులోనూ వణకని ఆ గొంతు అక్కడ వణికింది.

అధికారిణి డ్రైవరు వైపు తిరిగింది.

"కడుగుతున్నాం మేడం." అతను బల్లవైపు చూస్తూ అన్నాడు.

"కడుగుతున్నాం" అన్నాడు టెక్నీషియను.

"మరి ఈవిడ చెప్పే పద్ధతి?"

"మా గదిలో అలాంటి పద్ధతి ఏదీ లేదండి" అన్నాడు పెద్దాయన. "పాపం ఆమె మనసు మంచిది. ఆరోజునుంచీ సరిగా తిండి తినడం లేదు. నేను చూస్తూనే ఉన్నాను."

దుకాణదారు స్టూలు మీంచి లేచాడు. "ఆవిడే చెబుతోంది కదండీ! పంపినావిడే చెబుతోంది! ఇంకేం కావాలి మీకు?"

"కూర్చోండి" అంది అధికారిణి. తర్వాత మైకక్క వైపు తిరిగి, ఎంతో మెత్తగా, "అమ్మా, ఈ ఉద్యోగంలో ఇలా అవుతుంది. ఎవరో పోతే మనమే కారణమనిపిస్తుంది. మీరు కొన్నాళ్ళు తేలిక పని చెయ్యండి" అంది. ఆమె చెప్పినదాన్ని దుఃఖం కింద జమ కట్టేశారు. నియమం తప్పలేదని తేల్చారు. దుకాణదారు చెప్పినదానికి ఆధారం లేదన్నారు.

బావమరిది లేచి వెళ్ళిపోతూ దుకాణదారు ముందు ఒక్క క్షణం ఆగాడు. "ఇంకా ఎవరెవర్ని తెస్తావు బావా?" అన్నాడు. అంత మాత్రమే అని వెళ్ళాడు.

ఆమెను మళ్ళీ కిటికీ వరసలో కూర్చోబెట్టారు. కొత్త ఉత్తర్వు ఒకటి వచ్చింది. ఇకపై నీలం కొంతసేపటికి దానంతటదే ఆకుపచ్చ అయిపోతుందట, కడగడం అయినా కాకపోయినా. అసలు లేనే లేదన్న పద్ధతిని ఆపడానికి అంత తొందర ఎందుకొచ్చిందని ఎవరూ అడగలేదు. డ్రైవర్లు బండి నడుపుతూనే బిస్కెట్లు తినడం మొదలుపెట్టారు. ఒకతను కళ్ళు తిరిగి బండిని గోడకు కొట్టాడు, దేవుడి దయవల్ల లోపల రోగి లేడు. గోడ వరసలో కూర్చున్న కొత్త అమ్మాయితో డ్రైవర్లు రేడియోలో గట్టిగా అనేవారు, కిటికీ వరసకు వినబడేలా. "ఆకలి తీరిందా అని ఆవిణ్ణి అడుగు" అనేవారు. ఆయమ్మ ఒక్కతే మునుపటిలా ఉంది. ఒకరోజు ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నీ మాట నాకు నమ్మకమే తల్లీ. నా నమ్మకం ఎవరికి కావాలి గాని" అని వెళ్ళింది.

ఆ మాట ఆమె మనసులో తిరుగుతూనే ఉంది. ఆఫీసు నమ్మకపోతే పోయింది. నమ్మాల్సిన మనిషి ఆఫీసులో లేడు. ఆ ఇల్లాలి అన్న నమ్మాలి. ఆయన నమ్మితే ఆ దుకాణదారుకు ఇంట్లో తలెత్తుకునే వీలుంటుంది. సెలవు రోజు చూసుకుని, భర్తతో చెప్పి బయలుదేరింది. "నేనూ రానా?" అన్నాడాయన. వద్దంది. ఆయన వీధి మలుపుదాకా వచ్చి, ఆమె తిరిగి చూస్తుందేమోనని అక్కడే నిలబడ్డాడు.

భార్య పోయినప్పటినుంచి దుకాణదారు షట్టరు సగమే లేపుతున్నాడు. వంగి లోపలికి వెళ్ళింది. అన్నగారు అక్కడే ఉన్నాడు. చెల్లెలి బట్టలు, ఫొటో తీసుకెళ్ళడానికి వచ్చినట్టున్నాడు. సంచి బస్తా మీద పెట్టి ఉంది. దుకాణదారు తక్కెడ పక్కన నిలబడి ఉన్నాడు. ఇద్దరి మధ్యా మాట ఉన్నట్టు లేదు.

"అన్నయ్యగారూ, మీతోనే ఒక మాట చెప్పాలని వచ్చాను" అంది ఆమె బావమరిదితో. విచారణలో చెప్పిందంతా మళ్ళీ చెప్పింది. ఈసారి గొంతు వణకలేదు. దుకాణదారు ఫోను ఆలస్యం చెయ్యలేదని, ఆ ఫోను మాటలు రికార్డులో తాను విన్నానని, ఇప్పుడే మొదలైంది ఇప్పుడే మొదలైంది అని ఆయన అరుస్తున్నాడని చెప్పింది. "ఆలస్యం నాదండీ. మీ బావగారిది కాదు."

అన్నగారు ఆఖరిదాకా విన్నాడు. అడ్డురాలేదు. విన్నాక, "ఎంత ఇచ్చాడమ్మా మా బావ నీకు?" అన్నాడు.

"బావా!" అన్నాడు దుకాణదారు.

"ఉండవయ్యా. డ్రైవరు కాదన్నాడు. టెక్నీషియను కాదన్నాడు. మీ పెద్దాయన కాదన్నాడు. గవర్నమెంటావిడ కాదంది. అంతమంది అబద్ధం, నువ్వొక్కదానివి నిజమా? ఇప్పుడే మొదలైందని అరిచాడు సరే. పొద్దుటినుంచీ ఉందని ఫోనులో ఎవడు చెప్పుకుంటాడు?" ఆయన సంచి భుజాన వేసుకున్నాడు. వేసుకునేటప్పుడు సంచి ఒకసారి జారింది. "నొప్పి ఎప్పుడొచ్చిందో చెప్పడానికి అది లేదు. చెప్పగలిగింది అదొక్కతే."

వంగి షట్టరు కిందినుంచి వెళ్ళిపోయాడు. ఆయన కోపం ఎవరిమీదో ఒకరిమీద ఉండాలి, లేకపోతే ఆయనా నిలబడలేడు. ఆమెకు అది అర్థమైంది. అర్థమయినందువల్ల తేలికేమీ కాలేదు.

దుకాణదారు స్టూలు తుడిచి ఆమె ముందు పెట్టాడు. తను నిలబడే ఉన్నాడు. తక్కెడ పళ్ళెంలో అంటుకున్న పంచదార పలుకులను చూపుడువేలితో ఒక పక్కకు తోస్తూ ఉన్నాడు.

"మీరు రావాల్సిన పని లేదమ్మా. నేను చూసింది చూసినట్టు నాకు తెలుసు కదా."

"మీవాళ్ళకు కూడా తెలియాలనండీ."

"ఊఁ. ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. వాళ్ళు ఆరోజు కడుపునిండా తిన్నారా?" అన్నాడు.

ఆమె ఇది ఊహించలేదు. "తెలియదండీ. నేను అడగలేదు."

"అడగాల్సింది" అన్నాడు ఆయన. గొంతులో కోపం లేదు. రోజూ సరుకు లెక్క చూసుకునే మనిషి మాటలాగే ఉంది. "వాళ్ళు సరిగా తినకుండానే లేచారనుకోండి, అప్పుడు రెండువైపులా దండగే కదమ్మా."

బయటినుంచి ఎవరో వంగి, సబ్బు ఉందా అని అడిగారు. ఆయన నిచ్చెన జరుపుకుని పైఅరలో వెతకసాగాడు. ఆమె లేచి నిలబడితే, పైనుంచే, "షట్టరు తగులుతుంది, తల వంచుకుని వెళ్ళండమ్మా" అన్నాడు.

ఆమె తల వంచుకుని వీధిలోకి వచ్చింది.